తాళం లేని ప్లగ్గు

బగ్గీ అన్న పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో ఒక రైలు దిగి ఇంకో రైలు కోసం పరుగెడుతున్నాను. చేసింది మా ఆసుపత్రి గేటు దగ్గరి సెక్యూరిటీ ఆయన. "మేడం, మన బగ్గీ అన్న పోయిండు. నిన్న పొద్దుగాల. ఇయ్యాల మట్టి చేసిన్రు. ఎల్లుండి బోరబండల వాళ్ళింటికాడ ప్రార్థన కూడిక ఉన్నదట" అన్నాడు. వెనక నుంచి జనం తోస్తున్నారు. మెట్ల పక్కకు జరిగి నిలబడ్డాను. మొదట నాకు కలిగింది తేలిక. ఇంక ఆ మనిషి ఎక్కడా ఎదురుపడి నన్ను మెచ్చుకోడు కదా అనుకున్నాను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది. జరిగిన వరస అదే కాబట్టి అలాగే రాస్తున్నాను.

ఆయనకో పేరుంది. హాజరు పుస్తకంలో ఎన్నోసార్లు చూశాను. ఇక్కడ రాయను. పంజాగుట్ట దగ్గరి మా ఆసుపత్రిలో డాక్టర్లకూ, ఆయాలకూ, క్యాంటీన్ వాళ్ళకూ అందరికీ ఆయన బగ్గీ అన్నే. నేను అక్కడ కొనుగోళ్ళ విభాగంలో ఉద్యోగిని. దూది దగ్గర నుంచి మంచాల దాకా ఏం కొనాలన్నా ఫైలు నా బల్ల మీది నుంచే పోవాలి. నా నోరు కొంచెం దురుసని ఆఫీసులో అందరికీ తెలుసు. ఆయన మాత్రం నా నోటికి ఎప్పుడూ భయపడలేదు.

మా ఆసుపత్రి కట్టినవాళ్ళు ఏం ఆలోచించి కట్టారో గానీ, గేటేమో కింద రోడ్డు మీద, ఎమర్జెన్సీ, వార్డులు అన్నీ పైన గడ్డ మీద. ఆటోలను గేటు దాటనివ్వరు. మోకాళ్ళ నొప్పులతో వచ్చేవాళ్ళు ఆ ఎత్తు ఎక్కేసరికి గుండె జబ్బుల డాక్టరు కూడా కావలసి వచ్చేది. అందుకని ఎవరో దాత ఒక పాత పెట్రోల్ బగ్గీ ఇచ్చాడు. గోల్ఫ్ ఆడేచోట తిప్పుతారే, అటువంటిది. ముందు రెండు సీట్లు, మధ్యలో రెండు, వెనక్కి తిరిగి ఇంకో రెండు. దాన్ని పద్నాలుగేళ్ళు నడిపింది ఆయనే.

మనిషి పొట్టి. భుజం మీద ఎప్పుడూ పసుపు రంగు గుడ్డ. ఒకరు దిగి ఇంకొకరు ఎక్కే మధ్యలో సీటు తుడిచి, గుడ్డను నాలుగు మడతలు పెట్టి మళ్ళీ భుజాన వేసుకునేవాడు. ఏం జబ్బని ఎవర్నీ అడిగేవాడు కాదు. "ఏ ఊరు మనది?" అని అడిగేవాడు. వాళ్ళు ఏ ఊరు చెప్పినా సరే, "అరే, మీ ఊర్ల మా పెద్దమ్మ ఉంటది!" అనేవాడు. జనగామలో పెద్దమ్మ, వనపర్తిలో మేనత్త, శ్రీకాకుళం అవతల ఎక్కడో బాబాయి. గేటు దగ్గర బిక్కమొహంతో ఎక్కిన మనిషి పైకి చేరేసరికి ఆ పెద్దమ్మ ఏ వీధిలో ఉంటుందో అడుగుతూ ఉండేవాడు. నాకు ఒళ్ళు మండి, ఒకసారి కావాలనే లేని ఊరి పేరు ఒకటి కల్పించి చెప్పాను.

ఆయన క్షణం కూడా ఆగలేదు. "గక్కడనా? మా చిన్నాయిన గక్కడనే ఇల్లరికం పోయిండు మేడం" అన్నాడు.

"ఆ ఊరే లేదన్నా! నేను కల్పించాను."

"అయితే మా చిన్నాయిన సుత లేడు తియ్యి" అని పకపకా నవ్వాడు. "రోగంతోని వచ్చినోళ్ళకు జర మనోళ్ళు ఎవరన్న ఉన్నరనిపియ్యాలె మేడం. అబద్ధమైతే ఏమాయె, దేవుడు గిదొక్కటి మాఫ్ చేస్తడు."

దేవుడంటే ఆయనకు గట్టి పట్టింపే. ఆదివారం మధ్యాహ్నం దాకా ఎవరు చెప్పినా డ్యూటీకి వచ్చేవాడు కాదు. బోరబండలో రేకుల కప్పు చర్చి ఒకటుంది, అందులో చాపలు పరిచేది ఆయనే. బండిలో మాత్రం దేవుడి మాట ఎత్తేవాడు కాదు. తలకు కట్టుతో ఎక్కిన మనిషికి ప్రసంగం చెప్పడం దొంగదెబ్బ కొట్టినట్టని ఆయన అభిప్రాయం.

ఆ పెట్రోల్ బగ్గీకి ఒక గుణం ఉంది. పెడల్ తొక్కితేనే ఇంజిన్ అందుకుంటుంది. కాలు తీస్తే ఆగిపోతుంది. ఎక్కేటప్పుడు డబడబమని ఆసుపత్రంతా వినిపించేది. సెలైన్ సీసా చేత్తో పట్టుకుని నడిచేవాళ్ళు ఆ చప్పుడు విని పక్కకు తప్పుకునేవాళ్ళు. దిగేటప్పుడు ఆయన పెడల్ మీది నుంచి కాలు తీసేసేవాడు. బండి నిశ్శబ్దంగా వాలు మీద జారుతూ వచ్చేది. ఇల్లు చేరే వాళ్ళను వెనక్కి తిరిగిన సీట్లలో కూర్చోబెట్టి, "మంచిగ చూస్కోండ్రి, మళ్ళ ఈడికి రావొద్దు" అనేవాడు. మనిషి పోయి ఒట్టి సంచీతో దిగేవాళ్ళను తన పక్కన ముందు సీట్లో కూర్చోబెట్టుకునేవాడు. అప్పుడు ఊరు కూడా అడిగేవాడు కాదు. బ్రేకు మీద కాలుంచి, మామూలు కంటే నెమ్మదిగా, గేటు దాకా తీసుకొచ్చేవాడు. మా నాన్న మా ఆసుపత్రిలోనే పోయాడు. ఆ రోజు ఆ ముందు సీట్లో నేనూ కూర్చున్నాను. కిందికి వచ్చాక దిగడానికి నాకు కాళ్ళు రాలేదు. దిగమని ఆయన అనలేదు. గేటు బయట రెండు ఆటోలు హారన్ కొడుతున్నా అలాగే కూర్చున్నాడు.

బండి ముసలిదైపోయింది. కొత్తది కొనాలన్నారు. పెట్రోల్‌దా, బ్యాటరీదా అన్న ప్రశ్న నా బల్ల మీదికి వచ్చింది. కాగితం మధ్యలో గీత గీసి ఇటు పెట్రోల్, అటు బ్యాటరీ అని రాసుకున్నాను. పెట్రోల్‌కి పొగ, చప్పుడు, రోజూ బంకుకి మనిషిని పంపే తిప్పలు. బ్యాటరీకి అవేవీ లేవు. అమ్మడానికి వచ్చినాయన మా పార్కింగ్ స్థలంలో బ్యాటరీ బండిని గుండ్రంగా తిప్పి చూపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. బగ్గీ అన్న చేతులు కట్టుకుని, "సాఫ్ జాగాల అందరు తిప్పుతరు సార్. ఆరుగుర్ని కూసోబెట్టి గా గడ్డ మీదికి ఎక్కియ్యి" అన్నాడు. ఎక్కించాడు. బండి చీమలా, చప్పుడు లేకుండా ఎక్కింది. నేను గెలిచినట్టు చూశాను.

ఆ సాయంత్రం ఆయన్ని పిలిచి కూర్చోమన్నాను. "ఇప్పుడేమంటారన్నా?"

"పాత బండి ఆగేముందు దగ్గుతది మేడం. చెప్పి ఆగుతది. గిది చెప్పకుండ ఆగుతది." గుడ్డ మడతలు విప్పి మళ్ళీ పెట్టాడు. "అయినా సరే, బ్యాటరీదే తీస్కోండ్రి. పొగ లేకుంటె పిల్లల వార్డుకు మంచిదే. కాని ఒక్కటి రాయుండ్రి. దీనికి వేరే ప్లగ్గు కావాలె. బయట గేటుకాడ, డబ్బాల, తాళం ఉండేటట్టు. తాళంచెవి నాతాన ఉండాలె."

ఎందుకో నాకు చెప్పనక్కర్లేదు. మా వార్డుల కింది వరండాలో రోగుల తాలూకు మనుషులు పడుకుంటారు. వాళ్ళు ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకుంటున్నారని, కరెంటు వృథా అని, పైవాళ్ళు ఆ వరండాలోని ప్లగ్గులన్నీ సిమెంటుతో పూడ్పించారు. ఆ సిమెంటు కొన్న ఫైలు కూడా నాదే. ఒక్క ప్లగ్గు మిగిలింది. బ్యాటరీ బండికి అదే గతి.

రాశాను. తాళం ఉన్న ప్లగ్గు కావాలని ఒక పేరా స్పష్టంగా రాశాను. తెల్లవారి మా పరిపాలనాధికారి వచ్చి సాయంత్రంలోగా ఫైలు పైకి పోకపోతే మంజూరు మురిగిపోతుందన్నాడు. ప్లగ్గు అన్న మాట ఉంటే కరెంటు విభాగం వాళ్ళ అంచనా జతచేయాలి. ఆ విభాగం ఆయనేమో సెలవులో ఉన్నాడు. నేను ఆ పేజీ తీసేసి, పేరా లేకుండా ఇంకోటి టైపు చేయించి పెట్టాను. తర్వాత చూసుకుందాంలే అనుకున్నాను. ఆ తర్వాత అనేది నాకు రాలేదు.

"ప్లగ్గు గురించి రాసిన్రా మేడం?" అని రెండు రోజులకు అడిగాడు.

"రాశానన్నా. ఇక పైవాళ్ళ ఇష్టం" అన్నాను. ఆయన లేని పెద్దమ్మల్ని చెప్పినంత తేలిగ్గా నోట్లోంచి వచ్చేసింది.

బండి వచ్చింది. ప్లగ్గు రాలేదు. ఆయన ఇంకో మాట అడక్కుండా వరండాలో ఉన్న ఒక్క ప్లగ్గుతోనే సర్దుకున్నాడు. అక్కడ పడుకునేవాళ్ళతో ఒక ఒప్పందం పెట్టుకున్నాడు. సాయంత్రం ఆయన డ్యూటీ దిగే వేళకు బండి ప్లగ్గు పెట్టి పోతాడు. అత్యవసరమైతే ఎవరైనా తీసి పది నిమిషాలు తమ ఫోను పెట్టుకోవచ్చు, కానీ మళ్ళీ బండి ప్లగ్గు పెట్టి స్విచ్ వేయాలి. "తాళమేసినట్టు మాటేసి పోతున్న" అనేవాడు. ఆ సంగతి తెలిసి కోప్పడ్డాను. "మీకేం పిచ్చాండీ? బండి ఆగితే ఎవరు బాధ్యులు?"

"మేడం, లోపల పేషెంటుకు ఎట్లున్నదని ఊర్లకెల్లి ఫోన్లొస్తుంటయ్. ఫోను సచ్చిపోతే ఇంటోళ్ళు ఏమనుకోవాలె? మనిషే సచ్చిపోయిండనుకోరా?"

ఏడు నెలలు ఆ మాట మీదే బండి నడిచింది.

ఆ రోజు పొద్దున ఆరున్నరకు ఒక ఆటో వచ్చి గేటు దగ్గర ఒకాయన్ని, ఆయన తమ్ముణ్ణి దింపేసి వెళ్ళిపోయింది. శ్రీనగర్ కాలనీలో బట్టలు కుట్టే మనిషి. ఛాతీ పట్టుకుని వంగిపోయి ఉన్నాడు. బగ్గీ అన్న అప్పుడే డ్యూటీ ఎక్కి బండి కిందికి తెచ్చాడు. బ్యాటరీ చూపించే ఐదు గీతల్లో ఒకటే వెలుగుతోంది. స్ట్రెచర్ కోసం పైకి కబురు పెట్టి ఆగడమా, ఉన్న గీతతో ఎక్కడమా? ఆయన ఎక్కించుకున్నాడు. మలుపు దాటి, ఎమర్జెన్సీ బోర్డు కనిపిస్తున్నంత దూరంలో, బండి ఏ చప్పుడూ లేకుండా నిలిచిపోయింది.

ఆయన దిగి ఆ మనిషిని వీపున వేసుకుని పరుగెత్తాడు. యాభై ఎనిమిదేళ్ళ పొట్టి మనిషి, తనకంటే జానెడు పొడుగు మనిషిని మోసుకుంటూ. వీపు మీద ఉన్నాయన కాళ్ళు నేల మీద ఈడ్చుకుపోయాయట. ఒక చెప్పు దారిలో పడిపోయింది. లోపల బల్ల మీద పడుకోబెట్టేసరికి ప్రాణం లేదు. ఐదు నిమిషాలు ముందొస్తే బతికేవాడా అని తమ్ముడు అడిగితే డాక్టరు "చెప్పలేం" అన్నాడు. ఆ ఒక్క మాటకు తమ్ముడు ఆసుపత్రంతా అదిరేలా అరిచాడు. అరవడంలో తప్పేం లేదు.

విచారణ అన్నారు. దానికి ముందు రోజు ఒకామె నా గదికి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. సిరిసిల్ల నుంచి వచ్చింది, భర్త మరమగ్గాల మీద పని. రెండేళ్ళ కూతురికి ఊపిరితిత్తుల్లో చీము పట్టి పిల్లల వార్డులో ఉంది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది. "గా రాత్రి బిడ్డకు పాలు కాగవెడదామని నేనే బండి ప్లగ్గు తీసిన మేడం. కెటిల్ పెట్టుకున్న. మళ్ళ బండి ప్లగ్గు పెట్టిన గాని స్విచ్ ఎయ్యలే. పాప ఏడుస్తుంటె ఉరికిన. అన్నకు చెప్పిన. ఎవ్వరికి చెప్పకు, కెటిల్ పెట్టినవని తెలిస్తె బిడ్డను పంపిస్తరు అన్నడు. నాకు మనసాగుత లేదు."

"నేను చూసుకుంటాను, వెళ్ళండి" అన్నాను. ఏం చూసుకోవాలో నాకు తెలియదు.

విచారణలో జరిగింది రాసుకునే పని నాది. పరిపాలనాధికారి, ఇద్దరు డాక్టర్లు, బల్ల చివర నేను. బగ్గీ అన్న నిలబడి ఉన్నాడు. భుజం మీద గుడ్డ లేదు, తీసేసి రమ్మన్నారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియలేదు.

"ముందు రోజు ఛార్జింగ్ పెట్టావా లేదా?" అన్నాడు పరిపాలనాధికారి.

ఆయన నా వైపు ఒకసారి చూశాడు. నా పెన్ను ఆగిపోయింది. తాళం ప్లగ్గు కావాలని ముందే చెప్పాను, మేడం రాసింది, మీరే ఇవ్వలేదు అని ఆయన అంటే చాలు, ఫైలు తెప్పిస్తారు. ఫైల్లో ఆ పేజీ ఉండదు. నా పద్దెనిమిదేళ్ళ ఉద్యోగం ఆయన నోట్లో ఉంది. దేవుడా, ఈయన నోరు తెరవకూడదు అని మొక్కుకున్నాను. మొక్కుకున్నాననే రాస్తున్నాను.

"మర్చిపోయిన సార్" అన్నాడు. "ప్లగ్గు పెట్టుడు నేనే మర్చిపోయిన."

'డ్రైవరు తన తప్పు ఒప్పుకున్నాడు' అని రాశాను. నా చేతిరాత ఎప్పుడూ గుండ్రంగా ఉంటుంది. ఆ రోజూ అలాగే ఉంది.

అక్కడికక్కడే ఆయన్ని పనిలోంచి తీసేశారు. బయట మెట్ల దగ్గర పట్టుకున్నాను. "ఎందుకన్నా అలా చెప్పారు?"

"గా సిరిసిల్ల పిల్లకు ఇంక నయం కాలే మేడం. ఇక మీ మాట ఎత్తితే మీకూ పైవాళ్ళకూ పంచాయితీ. మీరైతే రాసిన్రు, వాళ్ళియ్యలే. మీ కొలువు ఎందుకు ఖరాబ్ చేసుడు?" అని, కాస్త ఆగి, "మీ నాయిన పోయిననాడు మీరు నా పక్కన్నే కూసున్నరు కద" అన్నాడు.

అప్పుడైనా చెప్పాల్సింది. లేదన్నా, నేను రాయలేదు అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆయన జేబులోంచి బండి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టి, ఎప్పుడూ బండిలో దిగే వాలును నడుచుకుంటూ దిగిపోయాడు.

వారం తిరక్కుండానే గేటు దగ్గర ఇనుప డబ్బాలో ప్లగ్గు పెట్టారు, తాళంతో సహా. కరెంటాయనకు ఆ పని అరగంట పట్టింది. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. సిరిసిల్ల పాప నయమై ఇంటికి పోయింది. వెనక్కి తిరిగిన సీట్లో కూర్చోబెట్టి మళ్ళీ రావద్దని చెప్పేవాడు అప్పటికి లేడు.

రెండేళ్ళకు అమీర్‌పేటలో మెట్రో మెట్ల కింద ఒక చెయ్యి నా ముందుకు కాగితం చాపింది. కంప్యూటర్ కోర్సు, చేరినవాళ్ళకు హాస్టల్ కూడా చూపిస్తామని. తల ఎత్తితే ఆయన. సగానికి సగం అయిపోయాడు. దగ్గుతున్నాడు. భుజం మీద అదే గుడ్డ, రంగు పోయి తెల్లబడింది.

"మేడం! మంచిగున్నరా?" నాకంటే ఆయనే ముందు సంబరపడ్డాడు. "ప్లగ్గు పెట్టిన్రట కద, తాళంతోని! సెక్యూరిటాయన చెప్పిండు. చూసిన్రా, మీరు రాసింది ఊకెనే పోలే."

ఆయన పక్కనుంచి కుర్రకారు వరదలా పోతున్నారు, ఎవరూ కాగితం తీసుకోవడం లేదు.

"ఒక్కటే మేడం, మనసుల పడ్డది" అన్నాడు. "గా టైలరాయన్ని ఏ ఊరని అడగలే. తొందరల అడగలే. ఒక్క ఆయన్నే అడగలే. తర్వాత వాళ్ళ దుకాణం కాడికి పోయి నిలవడ్డ. తమ్ముడు ఎల్లగొట్టిండు. మంచిగనే చేసిండు."

"డాక్టర్ని చూపించుకోండి అన్నా, ఆ దగ్గు..." అన్నాను.

"పాత బండి మేడం" అని నవ్వాడు. మా ఆసుపత్రికి రండి, నేను చూపిస్తాను అని నేను అనలేదు. అక్కడికి ఆయన్ని పిలిచే మొహం నాకు లేదు. రైలు వేళయిందని మెట్లెక్కాను. ఆయనిచ్చిన కాగితం ఇంకా నా సంచీలో ఉంది.

కూడికకు వెళ్ళాను. బోరబండలో ఇరుకు సందు, రెండు గదుల ఇల్లు. ఊరూరా పెద్దమ్మలూ మేనత్తలూ ఉన్న మనిషి ఇంట్లో పదిమందికి మించి లేరు. బంధువులంటే ఆయన భార్య తరఫు ఒక చెల్లెలు మాత్రమే. పాట అయింది, బైబిలు వాక్యం అయింది. పాస్టరు గారు, "మన సహోదరుణ్ణి గురించి ఎవరైనా సాక్ష్యం చెప్పేవాళ్ళుంటే లేచి చెప్పండి" అన్నారు. వాళ్ళ ఆచారం అది. పోయినవాళ్ళ గురించి తెలిసిన నిజం పదిమందిలో నిలబడి చెప్పాలి. ఎవరూ లేవలేదు.

ఆయన భార్య నా వైపు చెయ్యి చూపింది. "ఈ మేడం చెప్తది అయ్యగారూ. ప్లగ్గు కోసం పైవాళ్ళతోని కొట్లాడిన మేడం ఈమెనే. ఆయన దినాం ఈమె కోసం ప్రార్థన చేసేటోడు."

లేచాను. మాది గుళ్ళకు పోయే ఇల్లు, ఇలా లేచి మాట్లాడే అలవాటు లేదు. అందరూ నన్నే చూస్తున్నారు. గోడ మేకుకు ఆ రంగు పోయిన గుడ్డ వేలాడుతోంది, నాలుగు మడతలతోనే.

"ఆయన ఒక్క రోజు కూడా ప్లగ్గు పెట్టడం మర్చిపోలేదండీ" అన్నాను. "ఆ ముందు రోజు కూడా పెట్టే ఇంటికొచ్చారు. విచారణలో ఆయన తన మీద తాను చెప్పుకున్నది నిజం కాదు. వేరేవాళ్ళ కోసం చెప్పారు. ఆ కాగితం రాసింది నేనే, నాకు తెలుసు."

ఆయన భార్య కొంగు నోట్లో కుక్కుకుంది. "నాకెరుకే," అంది కొంగులోంచే, "నాకెరుకే, ఆయన మరిచేటోడు కాదు." చెల్లెలు ఆమెను పట్టుకుంది. నేను ఇంకా నిలబడే ఉన్నాను. ప్లగ్గు గురించి నేను రాయలేదన్న మిగతా మాట నాలుక మీదికి వచ్చింది. పాస్టరు గారు నేను ముగించాననుకుని కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు.

అందరూ ఆమెన్ అన్నారు. నేను కూర్చున్నాను.